మార్చిలో రాసే మాట జులైలోనే చెప్పండి

బెంగళూరు ఐటీ ఆఫీసుల్లో టీములు నడుపుతున్న తెలుగు మేనేజర్లకు, టీమ్ లీడ్లకు,

నమస్కారం.

నేను ఔటర్ రింగ్ రోడ్డు మీద, బెళ్లందూరు వైపు ఒక కంపెనీలో హెచ్‌ఆర్‌గా పని చేస్తాను. సొంతూరు అనంతపురం దగ్గర. ఈ నగరంలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు చెప్పక్కర్లేదు. మారతహళ్లిలో ఏ ఆంధ్రా మెస్‌లో కూర్చున్నా పక్క బల్ల మీద రిలీజ్ గురించో, జీతం హైక్ గురించో, క్లయింట్ పెట్టే టెన్షన్ గురించో తెలుగులోనే మాటలు నడుస్తుంటాయి. అందుకే ఈ లేఖ తెలుగులో రాస్తున్నాను. ఏ ఒక్క కంపెనీ గురించీ కాదు ఇది. ఉద్యోగాలు మారినా నాకు అన్ని చోట్లా ఒకేలా కనబడిన ఒక అలవాటు గురించి.

మీ టీములో ఒకరి పనిలో లోపం మీకు జులైలో కనబడుతుంది. మనసులో పెట్టుకుంటారు. ఆగస్టులో మళ్లీ అదే కనబడుతుంది. పక్క టీమువాళ్లు వచ్చి గొణుగుతారు, "చూస్తాలే" అని పంపేస్తారు. మార్చిలో ఏడాది పనితీరుకు రేటింగ్ వేసే అప్రైజల్ ఫారం తెరిచాక దాని గురించి ఇంగ్లీషులో ఒక వాక్యం రాస్తారు. ఆ వాక్యం ఆ మనిషి కంట పడేది ఏప్రిల్‌లోనో మేలోనో. అప్పటికి రేటింగ్ ఖరారైపోయి ఉంటుంది, హైక్ ఎంతో కూడా తేలిపోయి ఉంటుంది. సరిదిద్దుకోవడానికి దొరకాల్సిన తొమ్మిది నెలలూ మీ మనసులోనే గడిచిపోయాయి.

ఒక టెస్టర్ సంగతి చెబుతాను. నరసరావుపేట వైపు నుంచి వచ్చిన అమ్మాయి, నాలుగేళ్ల అనుభవం. ఆమె ఫారంలో ఆమె మేనేజర్ రాసిన వాక్యం: "కమ్యూనికేషన్ మెరుగుపడాలి." ఇంకేమీ లేదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్ల ఆ వాక్యం చదివి ఏమనుకుంటుంది? కాలేజీ రోజుల నుంచీ లోపల ఉన్న భయమే నిజమైందనుకుంది. స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుల్లో చేరింది. ఆఫీసు అయ్యాక ఆ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పడి వెళ్లి, సొంత డబ్బు కట్టి, నెలల తరబడి నేర్చుకుంది. ఈలోపు తప్పు దొర్లుతుందేమోనని క్లయింట్ కాల్స్‌లో మాట్లాడే ఆ కాస్తా మానేసింది.

ఆమె ఇంగ్లీషుతో ఎవరికీ పేచీ లేదు. ఆమె రాసే బగ్ టికెట్లలో ఆ బగ్ మళ్లీ రావాలంటే ఎక్కడ మొదలుపెట్టి ఏమేం నొక్కాలో ఉండేది కాదు. లాగ్ ఫైలు జత చేసేది కాదు. డెవలపర్ "నా మెషిన్‌లో రావట్లేదు" అని టికెట్ తిప్పి పంపేవాడు. ఆమె మళ్లీ తెరిచేది, అతను మళ్లీ మూసేవాడు. మేనేజర్ మనసులో ఉన్న కమ్యూనికేషన్ సమస్య అది. ఈ సంగతి ఆమెకు టీము మారాకే తెలిసింది. కొత్త లీడ్ రెండో వారంలోనే ఆమె టికెట్ ఒకటి స్క్రీన్ మీద తెరిచి, "ఇక్కడ ఈ మూడు లైన్లు రాసి, లాగ్ పెట్టి ఉంటే అతను దీన్ని నీకు తిప్పి పంపేవాడే కాదు" అన్నాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ తర్వాత ఆమె టికెట్లు తిరిగి రావడం తగ్గిపోయింది. ఆ ఏడాది పోయిన రేటింగ్ మాత్రం తిరిగి రాలేదు.

మీరు చెప్పకపోవడం వెనుక చెడ్డ ఉద్దేశం ఉండదని నాకు తెలుసు. చాలాసార్లు అది మొహమాటం. కొత్తగా చేరిన కుర్రాడు మొదటి వారంలోనే మీది గుంటూరని కనుక్కుని "అన్నా" అనడం మొదలుపెడతాడు. మీటింగులో పేరు పెట్టి పిలిచినా క్యాంటీన్‌లో అన్నే. శుక్రవారం అతను ఊరి బస్సు ఎక్కాలంటే "నువ్వెళ్లు, నేను చూసుకుంటా" అనేది మీరే. సోమవారం వాళ్లమ్మ పంపిన సున్నుండలు మీ డెస్క్ మీదికి వస్తాయి. అలాంటివాడితో "నీ కోడ్ రివ్యూకి వచ్చినప్పుడల్లా టెస్టులు ఉండట్లేదు" అనడానికి నోరు రాదు. అతనే ఒక రోజు టీ దగ్గర ధైర్యం చేసి అడుగుతాడు.

"అన్నా, నా పనెలా ఉంది? ఏమన్నా మార్చుకోవాలా?"

"ఏం లేదురా, బానే చేస్తున్నావ్. ఇలాగే కానీ."

ఏడాది మొత్తానికి అతనికి దొరికిన ఫీడ్‌బ్యాక్ అదే. మార్చి గడిచాక ఆ అన్న ఇచ్చిన రేటింగ్ చూసి నా దగ్గరికొచ్చి కూర్చుంటాడు. అతని బాధలో హైక్ సగమే. "అడిగినప్పుడు బాగుందన్నారు కదండీ" అన్నది మిగతా సగం. అతనికి నేనేం చెప్పను? ఆ మాట మీద మీకూ అతనికీ మధ్య ఉన్న చనువు కూడా పోతుంది. మొహమాటపడి మీరు కాపాడుకుందామనుకున్నది ఆ చనువునే కదా. మొహమాటం మీది, కోత పడేది మాత్రం రేటింగ్ బట్టి వచ్చే అతని వేరియబుల్ పేలో.

దీనికి పూర్తిగా ఎదురుగా ఇంకో రకం మేనేజర్లు ఉన్నారు. "మేం ఎప్పటికప్పుడే మొహం మీద చెప్పేస్తాం" అని గర్వంగా చెప్పుకుంటారు. వాళ్లు చెప్పేది రాత్రి పదకొండింటికి టీమ్ గ్రూపులో, పదిమంది చూస్తుండగా, "ఈ డిప్లాయ్‌మెంట్ ఎవరు చేశారు? బుర్ర ఉందా?" అని. దాన్ని తిట్టు అంటారు. దానివల్ల ఆ టీము నేర్చుకునేది ఒకటే, ఈసారి ఏదైనా విరిగితే వీలైనంత ఆలస్యంగా చెప్పాలని. వీళ్లకి ఇంతకంటే రాయను. వీళ్ల సంగతి వీళ్ల టీము రాజీనామాల వరసే చెబుతుంది.

ఇప్పుడు మీలో కొందరికి మాత్రమే బాగా తెలిసిన ఒక గది గురించి చెప్పాలి. అన్ని టీముల రేటింగులనూ మేనేజర్లంతా కూర్చుని ఖరారు చేసే నార్మలైజేషన్ మీటింగు. కొన్నిచోట్ల క్యాలిబ్రేషన్ అంటారు. బ్లైండ్స్ దించిన కాన్ఫరెన్స్ రూములో ఒక పెద్ద స్క్రీన్, దాని మీద ఎక్సెల్ షీటు. వందకు పైగా పేర్లు, చేతిలో ఉన్నది మూడు గంటలు. భాగిస్తే మనిషికి రెండు నిమిషాలు కూడా రావు. పైగా మొదటి గంటంతా మొదటి పదిహేను పేర్ల దగ్గరే అయిపోతుంది. చివర్లో ఉన్నవాళ్లకి దక్కేది ఒక్కో వాక్యం. ఆ వాక్యాలు ఎలా ఉంటాయో తెలుసా? "హార్డ్‌వర్కింగ్." "గుడ్ రిసోర్స్, కానీ ఓనర్‌షిప్ తక్కువ." "ఏమో, కాస్త డల్." ఏ ఓనర్‌షిప్, ఎప్పుడు, ఏ పనిలో అని ఎవరైనా అడిగితే నిశ్శబ్దం. తర్వాత ఆ మేనేజర్ గుర్తు తెచ్చుకుని చెప్పేది ఫిబ్రవరిలో జరిగింది. మే నెలలో ఒక శనివారం రాత్రంతా కూర్చుని పేమెంట్లు ఆగిపోకుండా ప్రొడక్షన్ నిలబెట్టినవాడి సంగతి ఆ గదిలో ఎవరికీ గుర్తు రాదు. ఆ రోజు మీరు అతనికి చాట్‌లో బొటనవేలి గుర్తు పెట్టారు. ఎక్కడా రాసుకోలేదు.

అదే గదిలో ఒక మేనేజరుంటారు, ముందు చిన్న నోట్‌బుక్కో ఫోన్‌లో నోట్సో పెట్టుకుని. "మే 18, ఇది చేశాడు. ఆగస్టులో డిజైన్ రివ్యూలో ఫలానా లోపం చెప్పాను, అక్టోబరు రిలీజ్‌కి దిద్దుకున్నాడు." ఇలా రెండు ముక్కలు చెప్పేసరికి ఎదురు మాట్లాడేవాళ్లు ఉండరు. బెల్ కర్వ్, అంటే ఏ రేటింగ్ ఎంత శాతం మందికి ఇవ్వాలో ముందే కట్టేసే పద్ధతి, ఉన్న చోట పై రేటింగులు లెక్కపెట్టినట్టు ఉంటాయి. అవి నోట్స్ ఉన్న మేనేజర్ టీముకి వెళ్లిపోతాయి. మీ కుర్రాళ్లు పని తక్కువ చేసి ఓడిపోరు, వాళ్ల తరఫున మీ దగ్గర తేదీలు లేక ఓడిపోతారు. ఈ విషయం టీముల్లో పనిచేసేవాళ్లకి తెలియదు. తెలిస్తే మీ నోట్‌బుక్ గురించి వాళ్లే అడుగుతారు.

రేటింగ్ అంకె మీద మనకున్న నమ్మకం గురించి కూడా ఒక మాట. 2000లో వచ్చిన ఒక పరిశోధనలో 4,492 మంది మేనేజర్లకు వాళ్ల పైవాళ్లు, సాటివాళ్లు, కిందివాళ్లు ఇచ్చిన రేటింగులను విడదీసి చూశారు. ఆ అంకెల్లో కనబడిన తేడాల్లో 62 శాతం రేటింగ్ ఇచ్చినవాళ్ల సొంత తీరు వల్ల వచ్చినవి. అసలు పనితీరు వల్ల వచ్చినవి 21 శాతం. అంటే మీరు వేసే అంకె అవతలి మనిషి గురించి చెప్పేదానికన్నా మీ గురించే ఎక్కువ చెబుతోంది. అలాంటి అంకె మీద ఏడాది మొత్తం ఆధారపడి, వారం వారం చెప్పగలిగిన మాటను ఎందుకు వదిలేస్తున్నాం?

ఈ ప్రశ్న పెద్ద కంపెనీలు ఎప్పుడో వేసుకున్నాయి. జాక్ వెల్చ్ సారథిగా ఉన్న కాలంలో అమెరికా కంపెనీ జీఈ ఉద్యోగులను పై 20 శాతం, మధ్య 70, కింది 10గా విడదీసేది, దాన్ని చూసి ఎన్నో కంపెనీలు బెల్ కర్వ్ పట్టుకున్నాయి. 2012లో అడోబీ హెచ్‌ఆర్ అధిపతి డోనా మోరిస్ ఇండియా పర్యటనలో ఉండగా ఒక విలేఖరితో, వార్షిక రివ్యూలు ఎత్తేయబోతున్నామని అనేశారు. అప్పటికి ఆ సంగతి సొంత కంపెనీలోనే ఖరారు కాలేదు. వార్త అచ్చయ్యాక వెనక్కి తగ్గకుండా ఉద్యోగులనే అభిప్రాయాలు అడిగి, ఆ ఏడాదే రివ్యూల బదులు, మేనేజరూ ఉద్యోగీ కూర్చుని మాట్లాడుకునే చెక్-ఇన్ అనే పద్ధతి తెచ్చారు. అంతకుముందు ఆ రివ్యూల మీద అక్కడి మేనేజర్లు ఏటా 80,000 గంటలు ఖర్చు పెడుతున్నారని లెక్క తేలింది. రివ్యూలు ముగిసిన వెంటనే రాజీనామాలు పెరగడం కూడా వాళ్లు గమనించారు. మైక్రోసాఫ్ట్ 2013లో ఉద్యోగులను వరసలో పెట్టి కోత కోసే పద్ధతి మానేసింది. కన్సల్టింగ్ సంస్థ డెలాయిట్ తన లెక్క చూసుకుంటే రివ్యూల మీద ఏడాదికి దాదాపు 20 లక్షల గంటలు. అందులో ఎక్కువ భాగం తలుపులు మూసుకుని రేటింగుల గురించి పైవాళ్లు మాట్లాడుకోవడానికే పోతోందని 2015లో బయటపెట్టింది. టీము లీడర్ ప్రతి మనిషితో వారానికి ఒకసారి మాట్లాడాలన్నది వాళ్లు కొత్తగా పెట్టుకున్న నియమం. మన ఊరి ఇన్ఫోసిస్ కూడా ఆ రోజుల్లోనే బలవంతపు బెల్ కర్వ్‌ను పక్కన పెట్టింది.

ఇదంతా మీకు ట్రైనింగులో చెప్పే ఉంటారు. మీ ఫ్లోర్‌లో "కంటిన్యువస్ ఫీడ్‌బ్యాక్" అని పోస్టర్ కూడా అంటించి ఉండొచ్చు. మేం హెచ్‌ఆర్ వాళ్లం ఏం చేశామంటే ఒక యాప్ కొన్నాం. అందులో నక్షత్రాలు, బ్యాడ్జీలు, "టీమ్ ప్లేయర్" అని రంగురంగుల బొమ్మలు. అవి ఏడాదంతా ఎవరూ ముట్టుకోరు. మార్చి ఆఖరి వారంలో మాత్రం జోరుగా నడుస్తాయి, నువ్వు నాకొకటి పంపు నేను నీకొకటి పంపుతానని. యాప్ వాడకం పెరిగిందని మేం పైవాళ్లకి గ్రాఫ్ చూపిస్తాం. అడోబీ చెక్-ఇన్‌లో నాకు నచ్చిందల్లా అందులో నింపాల్సిన ఫారం లేకపోవడం. ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకోవడానికి లాగిన్ ఎందుకు?

అయితే ఎక్కువసార్లు చెప్పేస్తే సరిపోతుందని కూడా నేననను. ఫీడ్‌బ్యాక్ మీద జరిగిన పరిశోధనలన్నీ పోగేసి క్లూగర్, డెనీసీ అనే ఇద్దరు 1996లో ఒక లెక్క తీశారు. 607 ఫలితాలు, 23 వేలకు పైగా పరిశీలనలు. సగటున ఫీడ్‌బ్యాక్ వల్ల పనితీరు పెరిగింది. కానీ మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో తగ్గింది. చెప్పిన మాట వల్ల వినేవాడి దృష్టి పని మీంచి జారి తన మీదికి, తన విలువ మీదికి పోయేకొద్దీ లాభం తగ్గిపోతుందన్నది వాళ్లు చూపిన ముఖ్య కారణం. "నువ్వు సీరియస్‌గా లేవు" అంటే ఆ రాత్రంతా తన గురించే ఆలోచిస్తాడు. "నిన్నటి డిప్లాయ్‌మెంట్‌కి రోల్‌బ్యాక్ స్క్రిప్ట్ లేదు, అందుకే వెనక్కి రావడానికి గంటన్నర పట్టింది" అంటే స్క్రిప్ట్ రాయడానికి కూర్చుంటాడు. ఎప్పుడు జరిగింది, ఏం చేశాడు, దానివల్ల ఏమైంది, ఈ మూడూ ఉంటే చాలు. పొగడ్తకీ ఇదే వర్తిస్తుంది. "గుడ్ జాబ్" అన్నది చెవికి తగిలి పోతుంది. "క్లయింట్ కాల్‌లో వాళ్ల ప్రశ్నకి నువ్వు వెంటనే ఒప్పుకోకుండా లోడ్ ఎంతో చూసి చెబుతానన్నావు చూడు, దానివల్ల మనం తేదీ తప్పు ఇవ్వకుండా బయటపడ్డాం" అంటే వచ్చే కాల్‌లో కూడా అలాగే చేస్తాడు.

ఈ మధ్య ట్రైనింగుల్లో శాండ్‌విచ్ అని ఒకటి నేర్పుతున్నారు. ముందు ఒక పొగడ్త, మధ్యలో విమర్శ, చివర మళ్లీ పొగడ్త. రెండోసారికల్లా టీమువాళ్లకి అర్థమైపోతుంది. మీరు పొగడ్త మొదలుపెట్టగానే "కానీ" ఎప్పుడొస్తుందా అని బిగుసుకుని కూర్చుంటారు. తర్వాత నిజంగా మెచ్చుకున్నా నమ్మరు. పొగడాల్సిన రోజు పొగడండి, దిద్దాల్సిన రోజు దిద్దండి. అదే రోజు రెండూ రావాలన్న నియమం లేదు.

తెలుగు మేనేజర్లకే ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇది చాలామందికి నచ్చకపోవచ్చు. మీరు మధ్యాహ్నం భోజనానికి ఎవరితో వెళ్తారు? నేను చూసినంతవరకు టీములో ఉన్న తెలుగువాళ్లంతా ఒక బల్ల దగ్గర ఉంటారు. అందులో తప్పేమీ లేదు, ఊరు కాని ఊళ్లో భాష దొరికితే అక్కడే కూర్చోబుద్ధవుతుంది. కానీ అక్కడ క్రికెట్, సినిమాలు, పప్పులో నెయ్యి గురించే మాట్లాడరు. "ఆ మాడ్యూల్ నువ్వు తీసుకో, పైవాళ్ల కంట పడతావు", "నిన్నటి మెయిల్ అలా రాయకుండా ఉండాల్సింది", ఇలాంటి అసలైన ఫీడ్‌బ్యాక్ అంతా ఆ బల్ల మీదే నడుస్తుంది. అదే టీములో ఉన్న ఒడియా అమ్మాయికి, బెంగాలీ కుర్రాడికి, కన్నడ సీనియర్‌కి అది అందదు. వాళ్లకి దొరికేది మార్చి వాక్యమే. "మా టీములో తెలుగువాళ్లకి అన్నీ ముందే తెలుస్తాయి" అన్న ఫిర్యాదు నా దగ్గరికి చాలాసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ మేనేజర్ నిజాయితీగానే ఆశ్చర్యపోయారు. ఆయన ఎవరికీ ఏదీ దోచిపెట్టలేదు, అన్నం తింటూ మాట్లాడారు అంతే. ఫలితం మాత్రం ఒకటే.

తెలుగులో చెప్పొద్దని నేను అనట్లేదు. తలుపు వేసుకుని ఇద్దరే కూర్చున్నప్పుడు, ఇద్దరికీ తెలుగే ఇంటిభాష అయినప్పుడు, కష్టమైన మాట తెలుగులో చెప్పడమే మంచిది. ఇంగ్లీషులో నాలుగు మెత్తని పదాల వెనక దాక్కున్న సంగతి తెలుగులోకొచ్చేసరికి సూటిగా బయటపడుతుంది. ఆ టెస్టర్ అమ్మాయికి జరిగినట్టు జరగదు. కానీ పనికి సంబంధించిన మాట భోజనం బల్ల మీంచి తీసేసి క్యాలెండర్‌లో పెట్టండి, టీములో అందరికీ ఒకే లెక్కన.

క్యాలెండర్ అనగానే టైమ్ ఎక్కడుందంటారు. పన్నెండు మంది టీము అనుకుందాం. రెండు వారాలకొకసారి ఒక్కొక్కరితో పదిహేను నిమిషాలు. మొత్తం మూడు గంటలు, రెండు వారాల్లో. మీ స్టేటస్ కాల్స్‌లో వారానికి పోయే సమయం దీనికన్నా ఎక్కువే ఉంటుంది, ఆ కాల్స్‌లో సగం సంగతులు బోర్డు మీద టికెట్లు చూస్తే తెలుస్తాయి. మీలో చాలామంది క్యాలెండర్లలో వన్-ఆన్-వన్ అనే అరగంట ఇప్పటికే ఉంది. వరసగా రీషెడ్యూల్ అవుతూ ఉంటుందని మీ టీమువాళ్లే మాతో చెబుతారు. మీ బాస్‌తో మీటింగుని మీరు అన్నిసార్లు వాయిదా వేస్తారా?

ఆ పదిహేను నిమిషాల్లో డబ్బు మాట తేవద్దు. హైక్, ప్రమోషన్, ఆన్‌సైట్ ఇవన్నీ వేరే రోజు. డబ్బు ఊసు వచ్చిందంటే మనిషి తన తప్పు ఒప్పుకోడు, ఒప్పుకుంటే పైసలు పోతాయని. అది సహజం, నేనూ అంతే. అలాగే మీ వంతు కూడా ఒక ప్రశ్న అడగండి: "ఈ రెండు వారాల్లో నా వల్ల నీకెక్కడైనా పని ఆగిందా?" మొదటి నాలుగైదుసార్లు "లేదు సర్" అనే వస్తుంది. తర్వాత ఎప్పుడో ఒకరు "మీ అప్రూవల్ కోసం మూడు రోజులు ఆగాను" అంటారు. అప్పుడు మీరు సంజాయిషీ మొదలుపెడితే ఆ నోరు మళ్లీ తెరుచుకోదు. రాసుకుని, సరిచేసి, వచ్చే మీటింగులో సరిచేశానని చెప్పండి.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లని మర్చిపోకండి. కర్నూలులోనో కాకినాడలోనో కూర్చుని లాగిన్ అయ్యేవాళ్లు మీ డెస్క్ పక్కనుంచి నడవరు, టీకి పిలవరు. ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ల సంగతైతే ఇంకా అన్యాయం. ఆర్నెల్లు లేరు కాబట్టి మధ్య రేటింగ్ వేసేయడం ఆ గదిలో నేను చాలాసార్లు విన్న మాట. ఉన్న ఆర్నెల్లలో ఏం చేసిందో ఎవరి నోట్‌బుక్‌లోనూ ఉండదు.

ఇక పిఐపి. పనితీరు బాగా లేదని అరవై రోజులో తొంభై రోజులో గడువిచ్చి చూసే ఆ కాగితం మీద మీరు సంతకం పెట్టమని అడిగినప్పుడు, అవతలి మనిషి నన్ను అడిగే మొదటి ప్రశ్న, "ఇంతకుముందు ఎవరూ చెప్పలేదే?" అని. చాలా ఫైళ్లలో అది నిజం. అంతకుముందు మూడేళ్లూ "మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్", అంటే ఆశించినంత చేస్తున్నాడు అని ఉంటుంది, నాలుగో ఏడు హఠాత్తుగా ఇది. కర్ణాటక ప్రభుత్వం 2024లో ఐటీ కంపెనీలకు, ఉద్యోగ నిబంధనలు రాసి పెట్టాలనే స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం నుంచి మినహాయింపును మరో ఐదేళ్లు పొడిగించినప్పుడు, కంపెనీలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలనీ, సస్పెన్షన్, తొలగింపు లాంటి చర్యలు తీసుకుంటే కార్మిక శాఖకు తెలియజేయాలనీ షరతులు పెట్టింది. అంటే ఒక మనిషిని పంపించేయడం మీకూ నాకూ మధ్య తేలిపోయే వ్యవహారం అనుకోవడం తప్పు. అలాంటి కమిటీ ముందు కూర్చుని "ఈయనకి లోపం ఎప్పుడు చెప్పారు, సరిదిద్దుకోవడానికి ఏం సాయం చేశారు" అని అడిగితే, చూపించడానికి మీ దగ్గర మార్చి వాక్యం ఒక్కటే ఉంటే అది నిలబడదు. నిలబడకూడదు కూడా.

దీనికి అవతలి వైపు కూడా చూశాను. మంచి పనివాడు రాజీనామా మెయిల్ పెట్టిన రోజు మేనేజర్, మేనేజర్‌కి మేనేజర్, ఆ పైవాళ్లు వరసగా అతన్ని పిలుస్తారు. నువ్వు ఎంత ముఖ్యమో, నీ మీద ఎన్ని ఆశలున్నాయో గంటసేపు చెబుతారు, కౌంటర్ ఆఫర్ ఇస్తారు. "ఇవన్నీ మొన్నటిదాకా ఎవరూ అనలేదండీ" అని ఎగ్జిట్ ఇంటర్వ్యూలో ఒకబ్బాయి నవ్వుతూ అన్నాడు. వెళ్లిపోయాడు కూడా.

మీ కంపెనీలో విధానాలు మార్చే అధికారం మీలో ఎక్కువమందికి లేదని నాకు తెలుసు. బెల్ కర్వ్ ఉండాలా వద్దా అన్నది మీ చేతిలో లేదు. రేటింగులు ఎత్తేసిన చోట కూడా డబ్బు పంచాలంటే చాటున ఏదో ఒక లెక్క తయారవుతుంది, దాని మీద నాకు పెద్ద భ్రమలేమీ లేవు. ఈ వారం జరిగినదాన్ని ఈ వారమే చెప్పడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నా వైపు నుంచి నేను చేయబోయేది చెబుతాను. మిగతా కంపెనీల్లో ఉన్న నా తోటి హెచ్‌ఆర్ వాళ్లు కూడా ఇది చేస్తే బాగుంటుంది. అక్టోబరులో మిడ్ ఇయర్ రివ్యూ మొదలైనప్పుడు, టీములో ప్రతి పేరు ఎదురుగా ఒక తేదీ, ఆ రోజు ఏం చెప్పారో ఒక లైను అడుగుతాను. మార్చిలో ఆ గదిలో మీరు ఎవరికైనా కింది రేటింగ్ ప్రతిపాదిస్తే, కారణం అడిగే ముందు ఈ మాట ఆ మనిషికి ఎప్పుడు చెప్పారని అడుగుతాను. తేదీ లేకపోతే, ఎంత గట్టి కారణమున్నా ఆ పేరు పక్కన పెట్టి తర్వాతి పేరుకి వెళ్దామంటాను. మీటింగు మూడు గంటలు దాటినా సరే.

ఇట్లు,
మీలో చాలామందికి ఏటా మార్చిలో అదే ఎక్సెల్ షీటు తెరిచి చూపించే ఒక హెచ్‌ఆర్ ఉద్యోగి
బెళ్లందూరు, బెంగళూరు